పామరేనియన్‌కి పిల్లలు పెట్టించే ముందు: బరువు, మోకాలు, గుణం

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. 14 నెలల ఆడ పామరేనియన్, బరువు 1.6 కిలోలు. బొచ్చు, ముఖం చూడముచ్చటగా ఉంటాయి. కొత్తవాళ్లు ఎత్తుకోబోతే గుర్రుమంటుంది, రెండుసార్లు గాటు కూడా పెట్టింది. రెండో హీట్ (ఎద) దగ్గర పడుతోంది. తెలిసినవాళ్ల దగ్గర 1.3 కిలోల మగ పామ్ ఉంది. "టీకప్ పిల్లలు పుడతాయి, ఒక్క ఈత అయితే దీని కోపం కూడా తగ్గుతుంది" అంటున్నారు. మేటింగ్ చేయించవచ్చా? స్టాండర్డ్ (ఆ జాతి కుక్క ఎలా ఉండాలో కెన్నెల్ క్లబ్‌లు రాసిపెట్టిన ప్రమాణం) ప్రకారం ఏం చూడాలి?

వద్దు. ఈ హీట్‌కే కాదు, ఈ జతకి ఎప్పుడూ వద్దు. వయసు చాలకపోవడం చిన్న సంగతి, ఏడాది ఆగితే తీరిపోతుంది. బరువు తీరేది కాదు. ఇక గుణం సంగతి తేల్చుకోకుండా మగకుక్కని వెతకడమే తప్పు. టాయ్ బ్రీడ్స్‌లో, అంటే ఒడిలో పట్టే చిన్న జాతుల్లో, అందరూ చివరికి వదిలేసేది గుణాన్నే కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. ముందు బరువు.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ స్టాండర్డ్‌లో పామ్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అంటే సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు. షో కుక్కకి 4 నుంచి 6 పౌండ్లు ఉంటే మంచిదంటుంది, ఆ వెంటనే సైజు కన్నా మొత్తం నాణ్యతనే చూడమంటుంది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య అయిన ఎఫ్‌సీఐ స్టాండర్డ్ బరువుకి అంకె పెట్టదు, ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు ఉండి బరువు దానికి తగ్గట్టు ఉండాలంటుంది. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ స్టాండర్డ్‌లో మాత్రం పిల్లలు పెట్టించేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది: మగదానికి 1.8 నుంచి 2 కిలోలు, ఆడదానికి 2 నుంచి 2.5 కిలోలు. ఆడదే బరువెక్కువ. పెకింగీస్ అనే ఇంకో చిన్న జాతికీ అంతే, మగది 5 కిలోలు, ఆడది 5.4 కిలోలు దాటకూడదు. పామ్ పిల్ల తల గుండ్రంగా, ఒంటితో పోలిస్తే పెద్దగా ఉంటుంది. ఆ తల తల్లి కటి ఎముకల మధ్య నుంచి బయటికి రావాలి. తల్లి ఎంత చిన్నదైతే ఆ దారి అంత ఇరుకు. పైగా చిన్న కుక్క కడుపులో సాధారణంగా ఒకటి నుంచి మూడు పిల్లలే ఉంటాయి. ఒక్కటే ఉంటే అది బాగా పెరిగిపోతుంది, నొప్పులు మొదలవడానికి కావలసిన సంకేతం కూడా ఒక్క పిల్ల నుంచి సరిగా అందదు. అందుకే 2 కిలోలలోపు ఆడదానికి పిల్లలు పెట్టించకూడదని నా కచ్చితమైన అభిప్రాయం. అమెరికన్ షో రింగ్‌లో 1.6 కిలోలు తప్పు కాదు. ప్రసవానికి తప్పు. స్టాండర్డ్ చెప్పేది కుక్క ఎలా ఉండాలన్నది, ఏ కుక్క ఈనగలదన్నది కాదు.

మరీ బుల్లి కుక్కల్ని టీకప్ అంటారు, ఆ మాట ఏ స్టాండర్డ్‌లోనూ లేదు, అది అమ్మేవాళ్ల మాట. పామ్ చిన్నదవడం కొత్తేమీ కాదు. 1888లో విక్టోరియా రాణి ఇటలీ నుంచి తెచ్చుకున్న మార్కో 12 పౌండ్ల కుక్క, దానికి ముందున్నవి ఇంకా పెద్దవి. చిన్నగా ఉండటమే రోగమూ కాదు. చిన్న జాతులన్నిటిలోనూ ఎదుగుదలని నడిపే ఐజీఎఫ్1 జన్యువులో ఒకే రకం మార్పు ఉందని 2007లో తేలింది, ఆ మార్పుతోనే ఆరోగ్యంగా 15 ఏళ్లు బతికే కుక్కలున్నాయి. అసలు చిక్కు ఎక్కడంటే, టీకప్ కోసం ఈతలో అన్నిటికన్నా బక్కపిల్లని ఏరి దానికి మళ్లీ బక్కదాన్నే జత కడతారు. ఆ పిల్ల ఎందుకు బక్కగా ఉందో ఎవరూ చూడరు. కాలేయం దగ్గర రక్తనాళం దారి తప్పిన పిల్ల ఎదగదు. పీడీఏ అంటే పుట్టగానే మూసుకోవాల్సిన గుండె దగ్గరి నాళం తెరిచే ఉన్న పిల్ల కూడా ఎదగదు, పామ్‌లో ఇది వంశంలో నడిచే జబ్బు. బక్కదనాన్ని ఎంచుకుంటున్నామనుకుంటూ జబ్బుని ఎంచుకుంటారు. మాడు పూడని తలలు, సోఫా మీంచి దూకితే విరిగే ముంగాళ్లు, దవడలో చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కే పళ్లు, ఒక పూట తినకపోతే పడిపోయే చక్కెర, ఇవన్నీ ఆ దారిలో వచ్చేవే. 1.3 కిలోల మగదాన్ని వద్దనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇక గుణం. ఎఫ్‌సీఐ స్టాండర్డ్స్‌లో దూకుడుగా ఉన్న కుక్కనీ, మరీ బెదిరే కుక్కనీ అనర్హంగా తీసేయాలని ఉంటుంది. ఈ మాట గ్రేట్ డేన్‌కి ఎంతో చివావాకీ అంతే. కానీ ఆచరణలో జరిగేది వేరు. 40 కిలోల కుక్క అతిథి చేతిని కరిస్తే దాన్ని బ్రీడింగ్‌లోంచి తప్పిస్తారు. 2 కిలోల కుక్క అదే పని చేస్తే నవ్వేసి "చిన్నదైనా ఎంత పౌరుషమో" అంటారు, ముద్దు పెట్టుకుంటారు. తరాల తరబడి ఇలా వదిలేస్తే బెదురు అలాగే కిందికి దిగుతుంది. చిన్న కుక్కలన్నీ ఇంతే అని మీకు చెప్పినవాళ్లు చూసింది ఈ ఫలితాన్నే. కాబట్టి ఒక కొలత పెట్టుకోండి: మీ కుక్క చేసిన పని 30 కిలోల కుక్క చేసి ఉంటే ఏమనేవారు? ఆ జవాబే దీనికీ వర్తిస్తుంది.

అయితే గుణాన్ని తప్పు పట్టే ముందు నొప్పిని వెతకాలి. ఎత్తుకోబోతేనే గుర్రుమంటోందన్నారు, నేల మీద నిలబడి ఉన్నప్పుడు కొత్తవాళ్లు పలకరిస్తే ఏం చేస్తుందో రాయలేదు. ఆ తేడా చాలా ముఖ్యం. పామ్‌కి మోకాలి చిప్ప జారడం బాగా ఎక్కువ. నడిచేటప్పుడు వెనక నుంచి చూడండి. బాగా నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు పైకి ముడుచుకుని రెండు మూడు అడుగులు కుంటి, కాలు వెనక్కి ఒకసారి విదిల్చి మళ్లీ మామూలుగా నడిచిందంటే చిప్ప జారి సర్దుకుందన్నమాట. దాన్ని ఆటగా పొరబడేవాళ్లే ఎక్కువ. ఇలాంటి కుక్కని నడుం దగ్గర పట్టి ఎత్తితే నొప్పి పుడుతుంది, చెయ్యి కనబడగానే కరుస్తుంది. పళ్లూ అంతే: పాల కోరపన్ను ఊడకుండా దాని పక్కనే కొత్తది వస్తే మధ్యలో తిండి ఇరుక్కుని చిగురు చెడుతుంది, మూతి ముట్టనివ్వదు. ఆరేడు నెలలకీ ఊడని పాలపళ్లు తీయించాలి. గొంతునాళం మెత్తబడిన కుక్కకి మెడపట్టీ లాగితే బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది, మెడ దగ్గరికి చెయ్యి వస్తేనే తప్పుకుంటుంది. వెటర్నరీ డాక్టర్ చేత ఈ మూడూ చూపించాకే గుణం గురించి మాట్లాడాలి.

నొప్పి లేదని తేలాక, ఏడాదిన్నర నిండాక, అలవాటు లేని చోట పరీక్షించాలి. ఇంట్లో, యజమాని ఒడిలో చూసింది లెక్కకి రాదు, ఒడిలో ఉన్న కుక్క నేల మీది కుక్కలా ప్రవర్తించదు. నేల మీద వదిలి, రెండు మూడు మీటర్ల దూరంలో తాళాల గుత్తి పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఎంతసేపట్లో తేరుకుందన్నదే చూడాలి. నాలుగైదు సెకన్లలో మళ్లీ వచ్చి వాసన చూస్తే మంచి నరాలున్న కుక్క. నిమిషం గడిచినా మూల వదలకపోతే కాదు. కొత్త మనిషి పక్కకి తిరిగి కూర్చుంటే తనంతట తను దగ్గరికి వస్తుందా? బల్ల మీద నిలబెట్టి పెదవి ఎత్తి పళ్లు చూస్తే, పాదాలు పట్టుకుంటే ఓర్చుకుంటుందా? చెవులు వెనక్కి అతుక్కుని, కంటి తెల్లగుడ్డు కనబడుతూ, బరువంతా వెనక కాళ్ల మీద వేసి మొరిగితే అది ధైర్యం కాదు, భయం. స్టాండర్డ్ రాసినవాళ్లు పామ్‌లో కోరిన చురుకు వేరు: తోక వీపు మీదే ఉంటుంది, ముందుకు వస్తుంది, మొరిగినా ఆపమంటే ఆగుతుంది.

ఆ భయం రక్తంలో వచ్చిందా, పెంపకంలో వచ్చిందా అన్నది ఒక్క కుక్కని చూసి చెప్పలేం. తోబుట్టువుల్ని వెతకండి. వేర్వేరు ఇళ్లలో పెరిగినవి కూడా ఇలాగే ఉంటే వంశంలో ఉన్నట్టే. మీదొక్కటే ఇలా ఉంటే, పైనుంచి ఒక్కసారిగా చెయ్యి వచ్చి ఎత్తేయడమే కారణమై ఉండొచ్చు. చిన్న కుక్కల మీద మనం చేసే అన్యాయం ఇది: పెదవి నాకింది, తల తిప్పుకుంది, ఒళ్లు బిగించింది, మనం పట్టించుకోలేదు, చివరికి కరిస్తేనే వదిలారు. కరిస్తే వదులుతారని నేర్చుకుంది. అలాంటప్పుడు నేర్పి మార్చవచ్చు. కానీ మార్చగలిగినా సరే, కరిచే దశలో ఉన్న తల్లిని బ్రీడింగ్‌కి వాడకూడదు. పిల్లలు మూడో వారం నుంచి తల్లిని చూసే నేర్చుకుంటాయి, కొత్త మనిషి గుమ్మంలోకి రాగానే తల్లి బిగుసుకుంటే ఈత మొత్తం బిగుసుకుంటుంది. ఒక ఈతతో కోపం తగ్గుతుందన్నది ఒట్టి మాట. పిల్లల్ని కాపాడుకునే తల్లి మామూలుగా ఉన్నదానికన్నా ఎక్కువే కరుస్తుంది.

తర్వాత ఎప్పుడైనా, 2 కిలోలు దాటిన, స్థిరమైన గుణమున్న ఆడదాన్ని తీసుకుని బ్రీడింగ్ మొదలుపెట్టాలనుకుంటే, ముందు పరీక్షలు. మోకాలి చిప్ప పరీక్ష ఏడాది నిండాక. నొక్కితే జారి తనంతట తనే వెనక్కి వస్తే గ్రేడ్ 1, జారి మనం పెట్టేదాకా లేదా కాలు తిప్పేదాకా బయటే ఉంటే గ్రేడ్ 2, ఎక్కువసేపు బయటే ఉండి చేత్తో పెడితే లోపలికి వెళ్లేది గ్రేడ్ 3, ఎప్పుడూ బయటే ఉండి పెట్టడానికీ వీలుకానిది గ్రేడ్ 4. రెండు కాళ్లూ బాగున్నవాటినే తీసుకోండి, గ్రేడ్ 1 ఫరవాలేదని సర్దుకోకండి. స్టెతస్కోప్‌తో గుండె, అనుమానముంటే ఎకో, అంటే గుండె స్కాన్. కళ్లు ఏటా. మగదానికి రెండు వృషణాలూ సంచిలోకి దిగి ఉండాలి, ఒకటే దిగినదాని నుంచి పిల్లలు తీయకూడదు. రెండు మూడేళ్ల వయసులో బొచ్చు రాలి చర్మం నల్లబడే జబ్బు పామ్ వంశాల్లో నడుస్తుంది. దానికి ఆధారపడదగ్గ డీఎన్‌ఏ పరీక్ష లేదు కాబట్టి తల్లిదండ్రుల్నే కాదు, పెద్దవయసు తాతల బొచ్చునీ కళ్లారా చూడాలి. మెర్ల్ అంటే ఒంటి రంగు అక్కడక్కడ పలచబడి మచ్చలుగా కనబడటం. అది లేత రంగుల్లో దాగి ఉంటుంది, కంటికి కనబడదు. రెండు మెర్ల్ కుక్కలు కలిస్తే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి రెండువైపులా అదే జన్యువుతో పుడుతుంది, వాటికి చెవుడు, కంటిలోపాల ప్రమాదం ఎక్కువ. డీఎన్‌ఏ పరీక్ష చేయించాకే జత కట్టండి. దగ్గర చుట్టరికం లెక్క కూడా వేసుకోండి: పిల్లకి రెండువైపులా ఒకే పూర్వీకుడి జన్యువు అందే అవకాశం సొంత అన్నాచెల్లెళ్ల జతకి 25 శాతం, తండ్రో తల్లో ఒకరే అయితే 12.5 శాతం.

వేరే జాతులకి జాబితా మారుతుంది. కావలియర్‌లో గుండె కవాటం జబ్బు ముఖ్యం: రెండున్నరేళ్లు దాటి గుండె బాగున్నవాటినే, వాటి తల్లిదండ్రులు ఐదేళ్లకీ గుండె చప్పుడు దోషం లేకుండా ఉంటేనే వాడాలన్నది పాత నియమం. పగ్‌కి శ్వాస పరీక్ష, 0 నుంచి 3 గ్రేడులు. టాయ్ పూడిల్‌కి పీఆర్‌ఏ (చూపు క్రమంగా పోయే జబ్బు) డీఎన్‌ఏ పరీక్ష. యార్కీ, మాల్టీస్‌లకి పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి కాలేయం కోసం పిత్తామ్లాల రక్తపరీక్ష.

మూతి పొట్టిగా టెడ్డీబేర్‌లా ఉన్న పామ్‌లకి గిరాకీ ఎక్కువ. అమెరికన్ స్టాండర్డ్‌లో మూతి ఒక వంతు, పుర్రె రెండు వంతులు. దానికన్నా పొట్టి చేసుకుంటూ పోతే పళ్లకి చోటు పోతుంది, కన్నీటి దారి మూసుకుపోతుంది.

మేటింగ్ రోజు లెక్క పెట్టి పంపడం కన్నా ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పరీక్ష చాలా నయం. హీట్ మొదలైన ఐదారు రోజుల నుంచి రెండేసి రోజులకి రక్తం తీస్తారు. మిల్లీలీటర్‌కి 2 నానోగ్రాముల దగ్గర ఎల్‌హెచ్ (అండం విడుదలకి పురిగొల్పే హార్మోన్) ఎగసినట్టు, 5 నుంచి 8 మధ్య అండం విడుదలైనట్టు. కుక్క అండం విడుదలయ్యాక పక్వానికి ఇంకో రెండు రోజులు పడుతుంది, కాబట్టి ఆ తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల్లో కలపాలి. దీనివల్ల పెద్ద లాభం ఇంకొకటి: విడుదల నుంచి 63 రోజులు, ఒక రోజు అటూ ఇటూ, ప్రసవం. సిజేరియన్ అవసరమైతే పిల్లలు పూర్తిగా ఎదిగాయో లేదో ఊహించాల్సిన పని ఉండదు. 25 నుంచి 28 రోజుల మధ్య స్కాన్, 55 దాటాక ఎక్స్‌రే తీసి పిల్లల్ని లెక్కపెట్టి, తలల్నీ తల్లి కటినీ పోల్చాలి.

కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం ఇవ్వడం అందరూ చేసే పొరపాటు. బయటి నుంచి అందుతుంటే ఎముకల్లోంచి కాల్షియం తీసే గ్రంథి బద్ధకిస్తుంది. తీరా పాలు పొంగే వేళకి, ముఖ్యంగా ఈనిన మూడు నాలుగు వారాల్లోపు, రక్తంలో కాల్షియం కుప్పకూలుతుంది. తల్లి కుదురుగా కూర్చోదు, రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుని కర్రల్లా నడుస్తుంది, వణుకు, జ్వరం, తర్వాత ఫిట్స్. మనుషుల గుర్రపువాతానికీ దీనికీ ఇంగ్లిషులో పేరు ఒకటే, ఎక్లాంప్సియా, కారణం మాత్రం వేరు. ఇది గంటల్లో ప్రాణం తీస్తుంది. పిల్లల్ని వెంటనే పాలు మాన్పించి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అక్కడ గుండెని గమనిస్తూ నరంలోకి నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తారు.

ప్రసవం దగ్గర పడితే ఒంటి వేడి 37.2 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగుతుంది, అక్కడి నుంచి దాదాపు ఒక రోజు. అరగంట గట్టిగా ముక్కి పిల్ల రాకపోయినా, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనబడినా, ఇంకా పిల్లలున్నాయని తెలిసీ రెండు గంటలు గడిచినా ఫోన్ చేసి కూర్చోకండి, బయలుదేరండి.

పుట్టిన పిల్ల వంద గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. ఒక్కో గ్రాము చూపించే త్రాసు కొనండి, రోజూ ఒకే వేళకి తూచండి. మొదటి రోజు కాస్త తగ్గొచ్చు, తర్వాత రోజుకి 5 నుంచి 10 శాతం పెరగాలి, పది రోజులకి రెట్టింపు కావాలి. ఒక రోజు పెరగకపోతే కారణం వెతకండి, రెండో రోజు దాకా ఆగకండి. పెట్టె వేడి మొదటి వారం 29 నుంచి 32 డిగ్రీలు, ఒక మూల చల్లగా వదలాలి. చల్లబడిన పిల్లకి పాలు పట్టడం దాన్ని చంపడమే, పేగు కదలదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు నెమ్మదిగా వెచ్చబెట్టి తర్వాతే పాలు. తల్లిపాలు మానాక కూడా మూడు నాలుగు నెలల దాకా రోజుకి ఐదారు సార్లు తిండి పెట్టాలి. పిల్ల తూలుతుంటే, మత్తుగా ఉంటే చక్కెర పడిపోయిందని అర్థం. చిగుళ్లకి తేనె రాయండి, స్పృహ లేని పిల్ల నోట్లో ఏదీ పోయకండి.

కుక్కపిల్ల మనసు లోకానికి తెరుచుకుని ఉండేది సుమారు 3 నుంచి 12-14 వారాల మధ్య. టాయ్ పిల్లల్ని 12 వారాల దాకా ఇవ్వకపోవడం మంచిది కాబట్టి, ఆ కాలమంతా దాదాపు బ్రీడర్ ఇంట్లోనే గడుస్తుంది. గది మూలలో పంజరంలో పెట్టి 12 వారాలు దాటించారంటే, కొన్నవాళ్లు తర్వాత ఎంత కష్టపడినా ఆ లోటు పూర్తిగా పూడదు. మొదటి రెండు వారాలు రోజూ కాసేపు చేతిలోకి తీసుకుని పాదాలు, చెవులు, నోరు తాకాలి. మూడో వారం నుంచి గోనెపట్టా, గచ్చు, గడ్డి, గిన్నెల చప్పుడు. ఐదో వారం నుంచి కొత్త మనుషులు, చిన్నపిల్లలు, టోపీ పెట్టుకున్నవాళ్లు, ఒక్కో పిల్లనీ విడిగా కొన్ని నిమిషాలు. టీకాలు పూర్తికాకముందు బయటి నేల మీద వదలొద్దు, చేతుల్లో ఎత్తుకుని చూపించండి. ఎత్తేముందు ఒకే మాట చెప్పండి, ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి తొంటి కింద. ఆ మాట విని తనే ముందుకు వచ్చే పిల్ల పెద్దయ్యాక చేతిని చూసి కరవదు.

ఇక మీ కుక్క. హీట్ మొదలైన రోజు నుంచి కనీసం నాలుగు వారాలు మగకుక్క వాసన కూడా తగలనివ్వకండి. రక్తం తగ్గి స్రావం పలచబడ్డాక "అయిపోయింది" అనుకుంటారు, చూలు నిలిచేది సరిగ్గా అప్పుడే. ఆ లోపు మోకాలు, పళ్లు, గొంతు చూపించండి. హీట్ ముగిసిన రెండు మూడు నెలలకి, గర్భసంచి చుట్టూ రక్తనాళాలు కుదురుకున్నాక స్పే, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయించండి. అంత చిన్న ఒంటికి రాత్రంతా ఉపవాసం మంచిది కాదు, ఎన్ని గంటల ముందు తిండి ఆపాలో డాక్టర్నే అడగండి. ఆపరేషన్ బల్ల మీద వెచ్చగా ఉంచుతారో లేదో కూడా ముందే కనుక్కోండి. పాలపళ్లు ఊడకుండా ఉంటే అదే మత్తులో తీసేయమనండి, రెండోసారి మత్తు ఇవ్వాల్సిన పని తప్పుతుంది.